హంసలదీవి యాత్ర

కృష్ణవేణి సముద్రమున గలియు చోట హంసలదీవి యను చిన్న గ్రామము గలదు. అచ్చట వేణుగోపాలస్వామి కోవెల యున్నది. సకలజనుల పాపములను కడిగి కడిగి గంగాదేవి నలుపెక్కి కాకిరూపము దాల్చెననియు, ఆ రూపముతో పుణ్యతీర్థము లన్నింట మునుగుచు తిరిగి, తుదకు ఈ సంగమమున మునిగి లేచునప్పటికి తెల్లని హంస యయ్యెననియు, అందుచేతనే యూరికి ఆ పేరు వచ్చెననియు స్థలపురాణము. చిన్నతనమున తాతగారి యొద్ద భాగవతము చదువుకొను దినములలో ఈ కథ విని, "తాతా, కాకి విడిచిన నలుపు ఎక్కడికి పోయినది?" అని యడిగితిని. ఆయన నవ్వి, "సముద్రములోనికి పోయినదే పిచ్చితల్లీ, సముద్రమునకేమి లోటు?" అనిరి. ఆ జవాబుతో ఇరువదియైదేండ్లు తృప్తిగానే యుంటిని. 2024 సెప్టెంబరులో ఆ తృప్తి చెడినది.

ఆ నెల మొదటి దినములలో విజయవాడ ప్రకాశము బారేజి వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పొంగినది. అదే సమయమున బుడమేరు కట్టలు తెగి నగరపు ఉత్తరభాగమును ముంచినది. బుడమేరును విజయవాడ దుఃఖదాయిని యని యేల యందురో ఆ వారములో అందరికిని తెలిసినది. సింగ్‌నగర్‌లో మా చెల్లెలి యింట నడుముకు పైగా నీరు నిలిచినది. నీరు తీసిన తరువాత ఇల్లు కడుగుకొనిరి, గోడలకు సున్నము వేసికొనిరి. పెరటిలో మాత్రము జానెడు మందమున నల్లని బురద మిగిలినది. అన్ని వీధుల మురుగును, మోటారు కొట్ల నూనెయు, పొలముల మందులును కలిసి ప్రవహించిన నీరు తెచ్చిన బురద యది.

చెల్లెలు ఫోనులో, "అక్కా, పెరటిలో తోటకూర, పాలకూర చల్లుకొందునా? బురద నల్లగా, మెత్తగా ఎరువువలె నున్నది" అని యడిగినది. నేను ముందువెనుకలు చూడక, "రెండు మూడు వానలు పడనిమ్ము. ఉన్న చెడుగు కొట్టుకొని పోవును. తరువాత చల్లుకొనుము" అని చెప్పితిని. తాతగారి సముద్రమే నా నోట పలికినది. చెల్లెలికి రెండేండ్ల కుమారుడు కలడు. వాడు మట్టిని చూచినచో ముట్టక మానడు, ముట్టిన చేతిని నోట పెట్టక మానడు. నేను చెప్పిన సలహా ఎంత తొందరపాటుదో 2025 మాఘపూర్ణిమకు అత్తవారి యూరు పోయినప్పుడు గాని నాకు తెలిసిరాలేదు.

మా అత్తవారిది దివిసీమ. మాఘపూర్ణిమనాడు హంసలదీవిలో సముద్రస్నానము చేయుట ఆ సీమవారికి తరతరముల ఆచారము. మావారు, పిల్లలు, నేను, బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదువుచున్న మా ఆడబిడ్డ కుమార్తె, అందరము ఉదయముననే విజయవాడలో బస్సెక్కితిమి.

బయలుదేరుటకు ముందు పిల్లలకు బారేజి చూపితిమి. ఈ చోటనే కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855 నాటికి మొదటి ఆనకట్ట పూర్తియైనది. అది 1952లో తెగిపోగా, దాని స్థానమున 1957లో ప్రకాశము బారేజి ముగిసినది. ఇచ్చటినుండి బయలుదేరు కాలువలు 12 లక్షల ఎకరములకు పైగా నీరిచ్చుచున్నవి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరము నడుమనుండియే పోవును. నగరము తన చెత్తను ఎంతగా వానిలో వేయుచున్నదో వంతెనమీద నిలిచిన వారికెల్ల కనబడును. మా మేనకోడలు ఆ నీటి వైపు చూచి, "అత్తయ్యా, డెల్టా అనగా నది తెచ్చి దాచిన మూట. మంచిని ఎట్లు దాచునో చెడును అట్లే దాచును" అన్నది. ఆ మాట అప్పుడు నాకు సరిగా పట్టలేదు.

దారిపొడుగునను చూడవలసినది మన్నే. కంకిపాడు, ఉయ్యూరు ప్రాంతములలో చెరకు, అరటి. పామర్రు దాటి కూచిపూడి వైపు తిరిగినప్పటినుండి వరి కోసిన మళ్లలో మినుము, పెసర. కోత కాగానే ఆ తేమమీదనే చల్లిన మినుము దుక్కి యక్కరలేకయే పెరుగును. వేసవిలో నోళ్లు తెరచి, వానలో మూసికొని, తడిలో చెప్పునకు అంటిన విడువని నల్లమన్ను అది. చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ చేరితిమి. అచ్చట కృష్ణ రెండు పాయలుగా చీలును. ఆ రెండు పాయల నడుమ సముద్రము దాక నున్నదే దివిసీమ. పులిగడ్డలో నదిపాయపై కట్టిన వంతెనమీద మనుష్యులు కాదు, కాలువ నడచును. ఉప్పునీటి నడుమనున్న సీమకు మంచినీరు తెచ్చు ఆ వంతెనయే దివిసీమకు తల్లిపాలు.

ఆ రాత్రి భోజనములైన పిదప అరుగుమీద కూర్చుండి, చెల్లెలి పెరటి సంగతి ప్రస్తావించితిని. అత్తగారు కొంతసేపు మాటాడలేదు. తరువాత, "వానలు కడుగునని చెప్పితివా తల్లీ? మేమును అట్లే అనుకొంటిమి" అనిరి. ఆమె చెప్పినది ఇది.

1977 నవంబరు 19. అప్పటికి ఆమెకు పదునేడేండ్లు. కాపురమునకు వచ్చి ఆరు మాసములు. ఆ సాయంకాలము గాలి పెరిగి, రాత్రికి సముద్రమే లేచి వచ్చినది. తాటిచెట్లంత కాకున్నను ఇంటికప్పులంత ఎత్తు నీరు. ఆ ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు కోల్పోయిరి. పశువుల లెక్క చెప్పనలవికాదు. ఆమె మామగారు పిల్లలను మేడగల యింటికి చేర్చి బ్రదికించిరట. నీరు తీసిన తరువాత పొలము చూడబోయిన వారికి పంటలేదు, గట్టులేదు. ఎండిన మడిమీద తెల్లని పొర మాత్రము మెరయుచుండెను. సముద్రపునీటి ప్రతి లీటరులోను దాదాపు 35 గ్రాముల లవణముండును. అది ఎకరములకొలది నేల నానబెట్టి పోయినది.

"మరుసటి యేడు కాలువ నీరు పెట్టి పెట్టి తీసితిమి. మెరక చేలు తేరుకొన్నవి. పల్లపు చెక్క ఎకరమున్నర మాత్రము వింతగా మారినది. తెల్లపొర పోయినది. నాలుకకు ఉప్పదనము తగ్గినది. అయినను నీరు పెట్టినచో క్రిందికి దిగదు, సబ్బునురుగువలె జిగురు. ఎండినచో గునపము దిగదు. కడిగినకొలది చెడినది. మీ మామగారు దానిని అమ్ముదమనిరి. ఎవరు కొందురు?" అనిరి అత్తగారు.

కడిగినకొలది చెడుట యెట్లు? మా మేనకోడలు దీపము దగ్గరకు జరిగి, ఒక కాగితమును మడతలు మడతలుగా చేసి చూపినది. ఆమె మాటలను నేను గ్రహించినంత వరకు చెప్పెదను.

మన డెల్టా నల్లమట్టి పొడిలో ఒక్కొక్క రేణువును పూతరేకు వంటిది. పొరమీద పొర. కంటికానని యంత పలుచని పొరలు. ఒక గ్రాము శుద్ధమైన ఆ జిగటమట్టి పొరలన్నియు విప్పి పరచగలిగినచో సుమారు 700 చదరపు మీటర్లు పరచుకొనునట. ఆ పొరలపై ఋణవిద్యుత్తు ఉండును. కావున ధనవిద్యుత్తు గల వానినన్నింటిని, సున్నమునందలి కాల్షియమును, ఉప్పునందలి సోడియమును, ఎరువునందలి అమ్మోనియమును, నేల తన దగ్గర కూర్చుండబెట్టుకొనును. పొలమునకు వేసిన బలము ఒక్క వానకే కొట్టుకొనిపోక నిలుచుట ఈ గుణము వలననే. ఆ పొరలకు అంటని నైట్రేటు మాత్రము నీటివెంట బావులలోనికి దిగిపోవును.

ఈ రహస్యము బయటపడినది పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లండులో. థామ్సన్ అను రైతు పేడనీటి సారము మట్టి గుండ పోయునప్పుడు నిలిచిపోవుట గమనించెను. థామస్ వే యను రసాయనజ్ఞుడు దానిని పరీక్షించి 1850లో ప్రకటించెను. మట్టి నింపిన గొట్టములో అమ్మోనియా లవణపు నీరు పోయగా, క్రింద కారిన నీటిలో అమ్మోనియా లేదు, దానికి బదులు కాల్షియము వచ్చినది. అనగా నేల ఊరక పట్టుకొనదు. ఒకదానిని విడిచి మరొకదానిని పట్టుకొనును. నిండిన బస్సులో ఒకరు దిగిననే గాని మరొకరికి చోటు దొరకదు కదా.

ఉప్పెన నాడు జరిగినది ఇదియే. కాల్షియము సోడియముకంటె గట్టిగా పట్టుకొనునదే గాని, సోడియము వేలాదిగా తోసుకొనివచ్చి దాని చోట్లు చాల వరకు ఆక్రమించుకొన్నది. కాల్షియము రెండు చేతులతో పొరలను దగ్గరకు లాగి మట్టిని రవ్వరవ్వగా, గుల్లగా ఉంచును. సోడియమునకు ఒక్కటే చేయి, పైగా చుట్టును నీటిని వెంటబెట్టుకొని తిరుగును. దానివలన పొరలు విడివడి, సన్నని బురదయై నేల రంధ్రములను పూడ్చివేయును. నీటిలో ఉప్పు ఎక్కువగా నున్నంతకాలము ఈ దోషము అణగియుండును. మంచినీటితో కడిగి ఉప్పును మాత్రము తీసివేసి, పొరలనంటిన సోడియమును అట్లే ఉంచినచో దోషము పైకి వచ్చును. పాలచౌడు కడిగి కారుచౌడు తెచ్చుకొనుట అనగా ఇదియే. పల్లపు చెక్క గతి అట్లయినది.

"తరువాత ఏమి చేసితిరి అత్తయ్యా?" అంటిని.

"వ్యవసాయశాఖ వారొకరు వచ్చి మట్టి పరీక్ష చేయించి జిప్సము చల్లుమనిరి. ఉప్పుతో చెడిన నేలకు మరల తెల్లపొడియా యని మామగారు మొదట కోపపడిరి. మీ మామగారే పట్టుబట్టి చల్లించిరి. దున్ని, నీరు నిలిపి, ఆ నీటిని మురుగు కాలువలోనికి తీసిరి. మరల నిలిపిరి, మరల తీసిరి. జీలుగ చల్లి పూతకు ముందే దున్నివేసిరి. నాలుగవ యేట వెన్ను కనబడినది. ఆ చెక్కనుండి వచ్చిన మొదటి ధాన్యము దంచి స్వామికి పరమాన్నము పెట్టితిమి."

జిప్సములో కాల్షియము కలదు. అది తిరిగి వచ్చి సోడియమును లేపి, తన చోట తాను కూర్చున్నది. లేచిన సోడియము నీటివెంట మురుగు కాలువ దారిని పోయినది. మురుగు కాలువ లేనిచో లేచినది మరల అచ్చటనే కూర్చుండును. జీలుగ వేళ్లు నేలను గుల్ల చేసినవి, ఆకు కుళ్లి బలమైనది. నీరొక్కటియే చేయలేని పని నీరును, తగిన మందును, పోవుటకు దారియు కలిసి చేసినవి.

అప్పుడు నాకు చాకిరేవు జ్ఞప్తికి వచ్చినది. సోదరీమణులారా, ఇది మన మెరుగని శాస్త్రము కాదు. ఉప్పునీరు పడిన చీర ఒట్టినీటితో పోవును. నూనెజిడ్డునకు కుంకుడురసము కావలెను. పసుపుమరక యెంత ఉతికినను పోదు, ఎండలో ఆరవేసిన క్రమముగా వెలిసిపోవును. మరక నెరిగి ఉతుకవలెను. నేలకును అంతే. ఏ విషము నేలను ఏ విధమున పట్టుకొన్నదో తెలియక చేసిన శుద్ధి, శుద్ధి కాదు.

మా మేనకోడలిని రాత్రి చాల ప్రొద్దుపోవువరకు ప్రశ్నలతో వేధించితిని. సీసము సంగతి యేమి? మన దేశమున 2000 సంవత్సరము వరకు మోటారు పెట్రోలులో సీసము కలిపిరి. పాత రంగులలోను, బ్యాటరీలలోను అది కలదు. సోడియము వలె అది తేలికగా లేవదు. మట్టిని, కుళ్లిన ఆకుల సారమును గట్టిగా పట్టుకొని పైజానెడులోనే దశాబ్దములు కూర్చుండును. వానలు దానిని కదలింపలేవు. అది మొక్క కాయలలోనికి ఎక్కుట తక్కువ. ఆకుకూరలకు, దుంపలకు మన్నుగా అంటి యింటిలోనికి వచ్చుట ఎక్కువ. వానకు లొంగని ఆ పట్టు బిడ్డ కడుపులోని పులుపునకు కొంతవరకు లొంగును. నేలలో కదలని సీసము పసివాని కడుపులో కదలి రక్తమున చేరి, బుద్ధి పెరుగుదలకు చెరుపు చేయును. ఈ మాట విన్నప్పుడు మా చెల్లెలి కుమారుని చిన్నిచేతులు నా కన్నుల యెదుట నిలిచినవి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డీడీటీ వంటి మందులు మరొక తీరు. 1989లో మన దేశపు సేద్యమున దానిని నిషేధించిరి. ఎండోసల్ఫానును 2011లో సర్వోన్నత న్యాయస్థానము ఆపినది. డీడీటీకి నీరు గిట్టదు, జిడ్డు ఇష్టము. నేలలోని ఆకుకుళ్లు సారమున దాగి, మెల్లమెల్లగా వెలువడుచు, చేపల కొవ్వులోనికి, అటనుండి మనలోనికి వచ్చును. పాషాణము మరియు విచిత్రము. అది నేలలోని ఇనుపత్రుప్పును పట్టుకొని యుండును. నీరు చిరకాలము నిలిచి గాలి యాడనిచో సూక్ష్మజీవులు ఆ త్రుప్పును కరగించును, పాషాణము నీటిలోనికి విడువబడును. గంగా ముఖభూములలో లక్షలకొలది గొట్టపుబావులకు ఆ విషము వచ్చుటకు ఇట్టి మార్పే ముఖ్యకారణము. కాడ్మియము దీనికి సరిగా ఎదురు. నీరు నిలిచిన మడిలో బంధింపబడి, మడి ఆరగట్టినప్పుడు విడువబడును. జపానులో జింజు నదీలోయలో గనినుండి వచ్చిన కాడ్మియము వరిమళ్లను చేరి, అన్నముతో ఎముకలకెక్కి, వానిని పెళుసుచేసినది. ఆ జబ్బున పడినవారిలో ఎక్కువమంది బిడ్డలను కన్న నడివయసు స్త్రీలు. ప్రభుత్వము 1968లో కారణము నంగీకరించినది. పొలముల పైమట్టిని మార్చి మంచిమట్టి పరచు పని 1979లో మొదలై 2012 వరకు సాగినది. ఒక తరము చేసిన పాపము కడుగుటకు మరొక తరము జీవితకాలము పట్టినది.

మరునాడు తెల్లవారుజామున కోడూరు మీదుగా హంసలదీవికి పోతిమి. దారికిరువైపులను రొయ్యల చెరువులు. కొన్నింటికి ఉప్పునీరు తోడి పెట్టుదురు. వానినుండి ఊరిన ఉప్పు ప్రక్కచేనికి దిగుచున్నదని బస్సులోని రైతులు వాపోయిరి. నాడు ఉప్పెన ఒక్కరాత్రిలో తెచ్చినది నేడు ఏండ్ల తరబడి మెల్లగా వచ్చుచున్నది. చెరువు త్రవ్వినవాని లాభము ఒకచోట, పట్టుకొన్న ఉప్పు మరొకచోట.

స్వామిని సేవించి సంగమమునకు నడచితిమి. ఇసుకమీద జనసమూహము, మడచెట్ల పచ్చదనము, దూరమున నది రంగును సముద్రపు రంగును కలియక కలియు గీత. మూడు మునకలు వేసి లేచునప్పటికి తాతగారి మాట జ్ఞప్తికి వచ్చినది. కాకి విడిచిన నలుపు సముద్రములోనికి పోయినదనిరి. పోవు దారిలో బారేజి వెనుక ఎంత నిలిచినదో, కాలువల అడుగున ఎంత పేరుకొన్నదో, బుడమేరు వెంట సింగ్‌నగర్ పెరళ్లలో ఎంత దిగినదో, మిగిలినది కొల్లేటి చేపలకు ఎంత చేరునో! హంస యగుట గంగకు సాధ్యమైనది. ఆ నలుపును పట్టుకొని మోయుచున్నది మాత్రము నేలతల్లి. ఆమె పట్టుకొనుటచేతనే మన బావినీరు ఈమాత్రమైనను త్రాగదగియున్నది. పట్టుకొన్నది ఆమె యెన్నడును విడువదని నమ్ముట మన తెలివితక్కువ.

ఒడ్డుననే నిలిచి చెల్లెలికి ఫోను చేసితిని. "నేను తప్పు చెప్పితిని. తోటకూర చల్లితివా?" అంటిని. చల్లినదట, రెండాకులు వేసినదట. పీకివేయుమంటిని. కారణము చెప్పగా కోపపడలేదు. "అయితే ఈ మన్ను నేనేమి చేయను అక్కా?" అన్నది. తిరిగి విజయవాడ చేరిన ఆదివారము అందరము కలిసి పనికి పూనుకొంటిమి.

నేలశుద్ధికి దారులు మూడని మా మేనకోడలు చెప్పినది. విడిపించి పంపివేయుట, ఉప్పునకు తగును. సూక్ష్మజీవులకు ఆహారము చేయుట, మోటారునూనె వంటి వానికి తగును. దానికి మట్టిని తిరుగవేసి గాలి తగులనిచ్చి, పేడయెరువు కలుపవలెను. ఈ రెండును పనికిరాని సీసము వంటి వానిని విడువకుండ మరింత గట్టిగా బంధించి కప్పవలెను. ఎముకలపొడిలోని భాస్వరము సీసముతో కలిసి నీట కరగని ఉప్పగును. బాగుగా చివికిన ఎరువును దానిని పట్టుకొనును. తీరనంత చెడినచో జపానువారివలె మట్టినే మార్చవలెను. మందు వేయుటకు ముందు పరీక్ష కావలెను. సాధారణముగా రైతులకు చేయు భూసార పరీక్షలో ఉదజని సూచిక, లవణము, పోషకములు తెలియును గాని సీసము మొదలైనవి తెలియవు. వానిని వేరుగా అడిగి చేయించుకొనవలెను.

మేము నాలుగు మూలల మన్ను తీసి, కలిపి, అట్టి పరీక్షకు పంపితిమి. ఫలితము వచ్చువరకు ఊరకుండలేదు. బురదను పొడిగా ఊడ్చి దుమ్ము రేపక, తడిపి పారతో ఎత్తి, వాకిలి ప్రక్కనుండి తీసివేయించితిమి. మిగిలిన నేలకు ఎరువు కలిపి గరిక పరచితిమి. ఆకుకూరలకు మాత్రము కొత్తమట్టి నింపిన తొట్లు పెట్టితిమి. నేలమీద బీర, సొర వంటి పందిరి కాయలకు చోటిచ్చితిమి. వాకిట గోనెపట్టా వేసి, చెప్పులు బయట విడుచుట, అన్నమునకు ముందు పిల్లవాని చేతులు సబ్బుతో కడుగుట నియమము చేసితిమి. ఇంటినేలను పొడిచీపురుతో ఊడ్చుట మాని తడిగుడ్డతో తుడుచుటకు చెల్లెలు అలవాటు పడినది. ఖర్చు స్వల్పము, శ్రమ యెక్కువ. అయినను ఆ శ్రమ మన చేతులలోనిదే.

సాయంకాలము మా చెల్లెలి కుమారుడు కొత్త గరికమీద కూర్చుండి, తొట్టెలోని మట్టిని గుప్పిట పట్టుకొని, నావంక చూచి నవ్వుచు మెల్లగా విడుచుచుండెను. నేను లేచి వాని చేతులు కడుగుటకు నీళ్లు తెచ్చితిని.